మడమ కింద చింతగింజ

వికారాబాదులో బీరన్న పిల్లలకు నేర్పేది తైక్వాండో. ఆ సంగతి బీరన్నకు తప్ప ఊళ్లో ఎవరికీ పట్టలేదు. అందరికీ అది కరాటేనే. స్టేషన్ రోడ్డులో ఉన్న అతని సైకిల్ రిపేరు దుకాణాన్ని కూడా కరాటే బీరన్న దుకాణమనే పిలిచేవారు. "కరాటే కాదమ్మా, అదొక దేశంది, ఇదొక దేశంది" అని మొదట్లో విడమరిచి చెప్పేవాడు. "ఏ దేశంది అయితేంది సారూ, తన్నుడే గద" అని వాళ్లు వెళ్లిపోయేవారు. చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాడు. కాని అదే జనం, తాండూరులో అజమత్ నేర్పేదాన్ని మాత్రం నోరు తిరిగినా తిరగకపోయినా తైక్వాండో అనే అనేవారు. బీరన్న కడుపులో మంట అక్కడ మొదలయ్యేది.

అజమత్ పరాయివాడేమీ కాదు. కుర్రతనంలో ఇద్దరూ సికింద్రాబాదులో పనికి కుదిరి, ఒకే గదిలో ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. ఒకే గురువు దగ్గర ఈ విద్య నేర్చుకుని, ఒకేనాడు నల్ల బెల్టు కట్టుకున్నారు. తేడా అంతా పోటీల దగ్గర వచ్చింది. అజమత్ పతకం మెళ్లో వేసుకుని వచ్చేవాడు. బీరన్న ఒక పోటీ నుంచి వాచిన మోకాలితో వచ్చాడు. చుట్టు తన్ను తన్నబోయాడు. అంటే ఒక కాలి మీద నిలబడి, ఒళ్లు తిప్పి, రెండో కాలితో పక్కనుంచి చుట్టి తన్నేది. నిలబడిన కాలి మడమ చాపకు కరుచుకుని లేవలేదు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు, మధ్యలో మోకాలు నలిగిపోయింది. మళ్లీ అతను పోటీకి దిగలేదు. ఇప్పటికీ చలికాలం పొద్దున లేవగానే ఆ కాలు కాసేపు ఈడ్చుకుంటూనే నడుస్తాడు.

అందుకే బీరన్న దగ్గర చేరిన పిల్లలకు ముందు నిలబడటం నేర్పేవాడు. బడి వెనక ఎర్రమట్టి మైదానంలో, పొద్దు పొడవకముందే, పిల్లలంతా తలా ఒక కట్టె చంకకింద పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడేవారు. అది అతను గురువు దగ్గర నేర్చుకున్నది కాదు. పూడూరు దగ్గర వాళ్ల నాయన గొర్లు కాసేవాడు. పొద్దంతా కట్టె మీద ఒరిగి, ఒక కాలు రెండో కాలి మీద వేసుకుని అలాగే నిలబడేవాడు. గాలి తోసినా తూలేవాడు కాదు. ఆ నిలబడటం తర్వాత చింతగింజ వచ్చేది. మడమ కింద ఒక గింజ పెట్టి, ముందుపాదం మీద తిరగమనేవాడు. గింజ గుచ్చుకుందంటే మడమ లేవలేదన్నమాట. దాని తర్వాత పడటం నేర్పేవాడు. పడేటప్పుడు తల లోపలికి తీసుకుని, ముంజేతితో నేలను చరిచి, దొర్లి లేవాలి. ఇవన్నీ అయ్యాక, చాలా కాలానికి, తన్నడం.

చాలా కాలానికి అన్నదే తల్లిదండ్రులకు నచ్చేది కాదు.

అతని దగ్గర నేర్చుకునే రజియా వాళ్ల నాయన ఇమాముద్దీన్ రైల్వేలో గేట్‌మన్. మంచివాడు, మర్యాదస్తుడు. ఒకనాడు దుకాణానికి వచ్చి, సైకిల్‌కు గాలి కొట్టించుకునే వంకతో నసిగాడు.

"మాస్టర్‌సాబ్, తప్పుగ అనుకోవద్దు. రెండేండ్లాయె. నా బిడ్డ ఇంక కట్టె పట్టుకొని ఒంటికాలి మీద నిలవడ్తనే ఉంది. వాళ్లమ్మ అంటుంది, కొంగకు గూడ గిన్నొద్దులు నేర్పరంట."

"కింది కాలు గట్టిపడనియ్యి భాయ్. మీది కాలుదేమున్నది, అది రేపు లేస్తది."

"రేపంటే ఎన్నడు? తాండూర్ల అజమత్ సార్ తైక్వాండో నేర్పుతున్నడు. చేరి ఏడాది కాకముందే పోరగాళ్లు మెడల్లు తెస్తున్నరు. మాకు రైలు పాసు ఉండనే ఉండె. ఆదివారం ఆదివారం తోలుకపోతనంటున్న."

తైక్వాండో అన్నాడు. తన మొహం మీదనే అన్నాడు. బీరన్న పంపు పిడిని గట్టిగా తొక్కిపెట్టి, "మీ బిడ్డ, మీ ఇష్టం" అన్నాడు. రెండేళ్లు ఆ పిల్ల చింతగింజ మీద కాలు తిప్పిన తీరు అతని కళ్లముందు తిరిగింది. అలాంటి కాలు ఉన్న పిల్ల మళ్లీ దొరకదని అతనికి తెలుసు. పన్నెండేళ్ల పిల్ల, సన్నగా, ఒడుపుగా, ఒక్కసారి చెబితే పట్టేది. పండు పక్వానికొచ్చే వేళకు ఇంకొకడు వచ్చి తెంపుకుపోయినట్టుంది.

దుకాణం స్టేషన్ రోడ్డులో ఉండటం అప్పటిదాకా అతనికి కలిసొచ్చిన విషయం. ఇప్పుడు అదే శాపమైంది. ప్రతి ఆదివారం పొద్దున ఇమాముద్దీన్ తెల్లచొక్కా తొడుక్కుని, రజియా తెల్ల డ్రెస్సు సంచిలో పెట్టుకుని, దుకాణం ముందునుంచే స్టేషన్‌కు నడిచేవాళ్లు. సాయంత్రం అదే దారిలో వచ్చేవాళ్లు. కొన్ని ఆదివారాలు పిల్ల మెళ్లో రంగు రిబ్బను ఊగుతూ ఉండేది. "సలాం సార్" అని రజియా దూరం నుంచే చెయ్యెత్తేది. బీరన్న తల వంచుకుని చక్రం ఊచలు బిగించేవాడు, బిగిసి ఉన్నవాటినే.

"ఓ సారూ, ఆ పంచరు చూస్తవా, తాండూరు బండి చూస్తవా?" అనేది అతని భార్య జంగమ్మ. దుకాణం వెనక గదిలోనే కాపురం. పిల్లలకు ఛాతీ కవచాలు కుట్టేది ఆమే. గోనెసంచి గుడ్డలో కొబ్బరిపీచు కూరి, వీపు మీద దారాలతో ముడివేసేట్టు కుట్టేది. అజమత్ పిల్లలకు మాత్రం హైదరాబాదు నుంచి తెప్పించిన నున్నటి కవచాలు ఉన్నాయి. అదొక మంట.

"ఆయన పిల్లలకు ఆడుడే నేర్పుతడే. మార్కు ఎట్ల పడ్తది, గదే. ఛాతి మీద కొట్టు, ఎనకకు జరుగు. కొట్టు, జరుగు. అడ్డుకొనుడు లేదు, పడుడు లేదు. ఇది విద్యనా?"

"మన పోరగాళ్లకు నిలవడుడు వస్తది, పడుడు వస్తది. నడుమల చేసేది ఒక్కటి రాదు" అని నవ్వింది జంగమ్మ. ఆమె వేళాకోళానికే అంది. అతనికి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆ ఏడు సియోల్ ఒలింపిక్స్‌లో తైక్వాండోను ప్రదర్శనగా ఆడించారు. దాంతో అజమత్ మాటకు ఇంకా బలం వచ్చింది. రేపో మాపో ఇది అసలైన ఒలింపిక్ ఆట అవుతుంది, మన పిల్లలు ఇప్పట్నించే పోటీకి అలవాటు పడాలి అని తాండూరులో చెబితే, ఆ మాట రైలెక్కి సాయంత్రానికి వికారాబాదు చేరేది. చలికాలం వచ్చేసరికి మైదానంలో కట్టెలు పట్టుకునే పిల్లలు సగమయ్యారు.

అప్పుడు అజమత్ నుంచి కబురు వచ్చింది. హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి పిల్లలను ఎంచుకోవాలట. రెండూళ్ల పిల్లలకు వికారాబాదులోనే పోటీ పెడదాం, ఏర్పాట్లన్నీ నువ్వు చూడు, కప్పు నేను తెస్తా అన్నాడు. బీరన్న ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్న మర్నాడే మిగిలిన తల్లిదండ్రులు ఒకరొకరే వచ్చి చావుకబురు చల్లగా చెప్పారు. ఇదివరకు ఓడినట్టు కాక ఈసారి మనవాళ్లు గెలిస్తే సరే, ఓడితే మాత్రం మా పిల్లలను కూడా తాండూరు పంపుతాం. అంటే ఆ పోటీలో ఓడితే బీరన్నకు మైదానం ఉంటుంది, పిల్లలుండరు.

నియమాలు మాట్లాడుకోవడానికి ఒక ఆదివారం అతను తాండూరు వెళ్లాడు. అజమత్ మేనమామకు బండల పాలిషు కార్ఖానా ఉంది. వారమంతా అక్కడ మిషన్లు గీపెడుతూ ఉంటాయి, నేలంతా తెల్లటి బురద నీళ్లు పారుతూ ఉంటాయి. ఆదివారం సెలవు గనక ఒక షెడ్డు కడిగి ఆరబెట్టి పిల్లలకు ఇచ్చారు. నేలంతా పాలిషు పట్టిన నీలం బండ. వంగి చూస్తే మొహం కనపడేంత నునుపు. ఆ బండ మీద పిల్లలు బొంగరాల్లా తిరుగుతున్నారు.

బీరన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ వేగం అతను ఎన్నడూ చూడలేదు. రజియా వంతు వచ్చింది. అజమత్ తన టోపీని పిల్ల తలకంటే ఎత్తున పట్టుకున్నాడు. కాలు ఎప్పుడు లేచిందో తెలియలేదు, టోపీ ఎగిరి అవతల పడింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. బీరన్నకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. తను రెండేళ్లూ కట్టెకు ఆనించి వదిలేసిన కాళ్లు, ఇతని చేతిలో ఏడాది తిరక్కుండా రెక్కలైపోయాయా అనుకున్నాడు.

"ఇంకోసారి" అన్నాడు అజమత్.

ఇంకోసారి తన్నినప్పుడు బీరన్న పైకి చూడలేదు. కిందికి చూశాడు. మడమ లేవలేదు. పాదం మొత్తం బండకు ఆని ఉంది. ఆని ఉండగానే జారుతూ తిరిగింది. ఇంకో పిల్లవాణ్ణి చూశాడు. అదే. ఇంకొకణ్ణి. అదే. వీళ్లు తిరగడం లేదు, బండ తిప్పుతోంది. వికారాబాదు మట్టిలో ఆ పని చేస్తే పాదం పాతుకుపోతుంది. రజియాకు కూడా ఆ అలవాటే పట్టింది. తను నేర్పిన మడమను ఈ నునుపు బండ మరిపించింది.

అది తెలిసిన క్షణాన బీరన్నకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. పెళ్లినాడు కూడా అతను అంత సంతోషపడలేదు.

అజమత్ చాయ్ తెప్పించాడు. "ఎట్లున్నరు భాయ్, మా పోరగాళ్లు?"

"మస్తుగున్నరు" అన్నాడు బీరన్న. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. రైలెక్కి వికారాబాదులో దిగీ దిగగానే ఇంటికి కూడా పోకుండా టెంటు హౌసు మత్తయ్య దగ్గరికి పోయాడు.

పోటీకి కుదిరింది పెళ్లిళ్ల హాలు. దాని నేల కూడా తాండూరు బండే, నున్నగా పాలిషు పట్టిందే. అక్కడ వదిలేస్తే అజమత్ పిల్లలకు సొంతిల్లే.

"మత్తయ్యా, జంపఖానాలు కావాలె. మందంగ ఉండాలె, కొత్తయి. హాలు నడుమంత పరవాలె."

"ఎవరిదన్న పెండ్లా సారూ?"

"పోటీ. పిల్లలు పడ్తె దెబ్బ తాకొద్దు."

ఆ మాట ఊరంతా మెచ్చుకుంది. ఇమాముద్దీన్ దారిలో ఆగి మరీ, "ఎంత మంచి ఆలోచన మాస్టర్‌సాబ్, పిల్లల నడుములు సలామత్‌గ ఉంటయి" అన్నాడు. ఒక్క జంగమ్మే కవచానికి ముడి వేస్తూ ఆగింది.

"మట్టిల పొర్లిచ్చేటోనివి, ఇయ్యాల జంపఖానాలు పరుస్తున్నవు?"

"బండ మీద పడ్తె దెబ్బలు తాకయా?"

"మన పోరగాళ్లకు పడుడు వచ్చు గదా. ఆళ్ల ఫికరు నీకెందుకు పట్టింది?"

బీరన్న పానా అందుకుని దుకాణంలోకి పోయాడు.

పోటీనాడు పొద్దున్నే తాండూరు పిల్లలు రైలు దిగి, వరుసలో నడిచి హాలుకు వచ్చారు. అందరివీ ఒకే రకం సంచులు. రజియా, ఇమాముద్దీన్ ఇక్కడివాళ్లే అయినా ముందే స్టేషన్‌కు పోయి వాళ్లతో కలిసే వచ్చారు. పిల్ల బీరన్న దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"సలాం సార్. నా కట్టె ఇంక ఉందా సార్?"

ఆ కట్టె మీద మేకుతో పేరు గీసుకుంది ఆ పిల్ల. దుకాణంలో మూలకు ఉంది అది. ఎవరినీ ముట్టనివ్వలేదు అతను.

"మొగులమ్మకిచ్చిన" అన్నాడు.

పిల్ల మొహం చిన్నబోయింది. మొగులమ్మ ఇప్పుడు అతని దగ్గర మిగిలినవాళ్లలో గట్టిది. కూరగాయలమ్మే ఇంద్రమ్మ కూతురు. ఈ రోజు రజియాతో తలపడేది ఆ పిల్లే. ఆ పిల్ల గెలిస్తే కప్పు వికారాబాదుదేనని అతని ఆశ.

పోటీ మొదలుపెట్టాల్సిన పెద్దమనిషి ఇంకా రాలేదు. పరిగి నుంచి బయలుదేరాడని ఒకరు, ఇంకా బయలుదేరలేదని ఒకరు అన్నారు. ఈలోపు పిల్లలు ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. వికారాబాదు పిల్లలకు జంపఖానా కొత్తే అయినా పాదానికి ఎదురు నిలిచే నేల కొత్త కాదు. మడమలెత్తి అవలీలగా తిరిగారు. తాండూరు పిల్లలు మాత్రం తడబడ్డారు. తన్ను సగంలో ఆగుతోంది, ఒళ్లు తూలుతోంది. బీరన్న గోడకు ఆనుకుని చూస్తున్నాడు. తను అనుకున్నది అనుకున్నట్టు జరుగుతోంది. పాయసం తిన్నట్టుంది.

అప్పుడు తాండూరు పిల్లల్లో చిన్నవాడొకడు విసురుగా చుట్టు తన్ను తన్నాడు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. "అమ్మీ!" అని అరిచి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

బీరన్న చెయ్యి తెలియకుండానే తన మోకాలి మీదికి పోయింది.

పెద్ద దెబ్బేమీ కాదు. అజమత్ వచ్చి కాలు చాపించి, మందు రుద్ది, "కింద చూస్కొని నడువు బే" అని లేపాడు. వాడు కుంటుకుంటూ పోయి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ నడక బీరన్నకు బాగా తెలిసిన నడక. ఈ పిల్లవాడిది చిన్నకాలు, బలం తక్కువ గనక సరిపోయింది. రజియా అలా తన్నదు. ఆ పిల్ల తన్నిందంటే ఒళ్లంతా తిరుగుతుంది.

అతను అజమత్ దగ్గరికి వెళ్లాడు.

"అజ్జూ, జర ఇటు రా. మీ పిల్లల మడిమెలు లేస్తలేవు. ఈ జంపఖానా మీద అట్ల తిరిగితె మోకాళ్లు పోతయి."

అజమత్ ఒక్కక్షణం అతన్ని చూసి పకపకా నవ్వాడు.

"అరె యార్ బీరన్నా! పోయినసారి రెఫరీ మంచోడు కాదంటివి. దానికి ముందు మా చెస్ట్‌గార్డులు గుచ్చుకుంటున్నయంటివి. ఇయ్యాల మడిమెలు దొరికినయా? రేపు మా పోరగాళ్ల గోర్లు గూడ చూస్తవా?"

"ఈసారి నిజం చెప్తున్న."

"అంటే ఇన్నొద్దులు అబద్ధం చెప్పినవన్నట్టే గద!"

పక్కనున్న తాండూరు పెద్దలు కూడా నవ్వారు.  నమ్మించాలంటే ఒకే దారి ఉంది. ఈ సంగతి తాండూరులోనే చూశాననీ, చూసే ఈ జంపఖానాలు పరిపించాననీ చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. జంపఖానాలు తీయించేద్దామా అనుకున్నాడు. తీస్తే కింద బండ. పడటం రాని పిల్లలు దాని మీద వెల్లకిలా పడితే తలలు పగులుతాయి. సాకుగా చెప్పిన అబద్ధమే నిజమై అడ్డం వచ్చి నిలబడింది.

అంతలో రజియా లేచి జంపఖానా మధ్యకు వచ్చింది. భుజాలు వదులు చేసుకుని, కాలు వెనక్కి వేసింది.

"రజియా, ఆగు!"

హాలంతా వినపడేట్టు అరిచాడు. పిల్ల కాలు గాల్లోనే ఆపి దించింది. అందరూ తిరిగి చూశారు. బీరన్నకు తోచిందల్లా తనకు వచ్చిన ఒకే ఒక పని.

"గెస్టు వచ్చేదాక పిల్లలందరికీ కలిపి ఒళ్లు వేడి చేపిస్త" అన్నాడు. "మనోళ్లు, చింతగింజలు తీయుండ్రి. ఒక్కొక్కలు ఒక్కొక్క తాండూరు పిల్ల చెయ్యి పట్టుకోండ్రి."

మొగులమ్మ జేబులోంచి గింజ తీసింది గాని కదల్లేదు. "సార్... ఈళ్లకా?"

"ఈళ్లకే."

"మనం ఆడేది ఈళ్లతోనే గద సార్!"

"చెప్పింది చెయ్యే."

అజమత్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆపబోయిన తనవాళ్లతో, "చెయ్యనియ్యి, టైంపాస్ అయితది" అన్నాడు.

మడమల కింద గింజలు పెట్టారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి తిరగమన్నాడు. హాలంతా "అబ్బా", "అమ్మీ" అని కేకలు, నవ్వులు. గింజలు గుచ్చుకుంటున్నాయి. వికారాబాదు పిల్లలు పెద్దరికంగా, "మడిమె! మడిమె లేపు!" అని గదమాయిస్తున్నారు. రోజూ వాళ్లు పడే తిట్లే అవి. రజియాకు మొదటిసారి గుచ్చుకుంది. రెండోసారి కూడా. మూడోసారి మడమ గడప దాటినట్టు లేచి, పాదం గిర్రున తిరిగింది. పిల్ల తలెత్తి చూసి నవ్వింది.

"మర్చిపోయిన సార్."

"ఊఁ" అన్నాడు బీరన్న.  వంగి, పక్క పిల్ల మడమ కింద జారిన గింజను సర్దాడు.

పెద్దమనిషి వచ్చేసరికి పిల్లలంతా చెమటతో తడిసి ఉన్నారు. ఆయన దండలు వేయించుకుని, మైకు పట్టుకుని, "ఈ కరాటే విద్య నేర్పుతున్న ఇద్దరు కరాటే మాస్టర్లకు" అని మొదలుపెట్టి, చివరిదాకా కరాటే అనే అన్నాడు. అజమత్ మొహం మాడిపోయింది. ఆ చిన్నవాడు కూలబడ్డాక బీరన్నకు కడుపు చల్లబడింది ఆ కాసేపే.

పోటీలు ఒకటొకటే జరిగాయి. రెండూళ్లూ సమంగా వచ్చాయి. చివరిది రజియా, మొగులమ్మ. మొగులమ్మ తన కోపమంతా కాలిలోకి తెచ్చుకుని మొదలుపెట్టింది. ఒక తన్నుకు రజియా తూలి వెల్లకిలా పడింది. పడుతూనే తల లోపలికి తీసుకుని, ముంజేతితో ఫట్‌మని నేలను చరిచి, దొర్లి లేచి నిలబడింది. జనం ఓహో అన్నారు.

"చూసిన్రా! అజమత్ సార్ పడుడు గూడ ఎంత బాగ నేర్పిండో!" అన్నాడు ఇమాముద్దీన్ పక్కవాళ్లతో.

బీరన్న అటు తిరగలేదు. అతను రజియా మడమనే చూస్తున్నాడు. తర్వాత జరిగిందంతా ఆ మడమ దగ్గరే జరిగింది. అది లేచింది, తిరిగింది, దిగింది. మళ్లీ లేచింది. పైన ఆ రెండో కాలు అజమత్ నేర్పిన వేగంతో మొగులమ్మ గోనె కవచం మీద ఠపాఠపా మోగింది. మొగులమ్మ చక్కగా అడ్డుకుంది, చక్కగా నిలబడింది. కాని మార్కు పడేది ఎలాగో ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నేర్పనిది ఎవరో బీరన్నకు తెలుసు.

కప్పు తాండూరుకు పోయింది.

ఫోటోలో అజమత్ మధ్యన, పక్కన కప్పుతో రజియా, వెనక ఇమాముద్దీన్. పిల్ల తండ్రి చెయ్యి గుంజి, "పడుడు బీరన్న సార్ నేర్పిండు అబ్బా. మడిమె గూడ" అంది. "అవునవును, సీదా చూడు, ఫోటో తీస్తున్నరు" అన్నాడు ఇమాముద్దీన్.

మొగులమ్మ హాలు మెట్ల మీద కవచం విప్పకుండానే కూర్చుంది. బీరన్న పక్కకు వచ్చి నిలబడితే మొహం తిప్పుకుంది.

"మనమే గెలుస్తుంటిమి. ఆళ్లకు తిరుగుడే రాకపాయె. మీరెందుకు చెప్పిన్రు సార్?"

బీరన్న దగ్గర దానికి జవాబు ఉంది. దాంతోపాటు జంపఖానాల సంగతీ చెప్పాల్సి వస్తుంది.

"నడువు, ఇంటికి పోదాం. మీ అమ్మ చూస్తుంటది" అన్నాడు.

"మా అమ్మ తాండూరు పొమ్మంటది."

"పోతవా?"

ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "నాకు రైలు పాసు యాడిది?" అంది కసిగా.

హాలు ఖాళీ అయింది. మత్తయ్య మనుషులు జంపఖానాలు చుట్టడానికి వచ్చారు. తన కండువా మరిచిపోయానని బీరన్న లోపలికి పోయి, గుమ్మం దగ్గరే ఆగాడు. జంపఖానా మధ్యలో అజమత్ ఒక్కడే వంగి ఉన్నాడు. చుట్టూ ఒకసారి చూసి, రాలిన చింతగింజలను ఏరి, చొక్కాకు తుడిచి చూసుకుని, జేబులో వేసుకున్నాడు. ఇంకొన్ని ఏరాడు. జేబు మీద చేత్తో అదిమి చూసుకున్నాడు. తర్వాత చెప్పులు విప్పి, ఒంటికాలి మీద నిలబడి, మెల్లగా మడమెత్తి తిరిగాడు.

బీరన్న వెనక్కి వచ్చేశాడు. ఒళ్లంతా భగ్గుమంది. కప్పు తీసుకున్నాడు, పిల్లను తీసుకున్నాడు. ఇప్పుడు గింజలు కూడా. రేపట్నించి అవి తాండూరు గింజలైపోతాయి. ఏడాది పోతే ఇమాముద్దీనే వచ్చి, అజమత్ సార్ దగ్గర మడమ కింద గింజపెట్టి నేర్పుతారు, మీకు తెలుసా మాస్టర్‌సాబ్ అంటాడు.

ఇంటికి వచ్చి జంగమ్మతో అన్నాడు. "దొంగలెక్క జేబుల ఏస్కున్నడే. అడిగితే ఇయ్యకపోదునా?"

జంగమ్మ గోనె కవచంలోంచి బయటికొచ్చిన పీచును లోపలికి కూరుతోంది. తలెత్తకుండానే, "ఇస్తుంటివా?" అంది.

బీరన్న ఆలోచించాడు. ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి అజమత్‌కు కూడా తెలుసు గనకే అడగలేదు.

మర్నాడు పొద్దున మైదానానికి ముగ్గురే వచ్చారు. మొగులమ్మ ఉంది. ఎప్పటిలాగే కట్టె కోసం చెయ్యి చాచింది. బీరన్న కట్టెలు తీయలేదు. సంచిలోంచి తన టోపీ తీసి, పిల్ల తలకంటే ఎత్తున పట్టుకున్నాడు.

"ముందు తన్ను" అన్నాడు. "కట్టెలు తర్వాత."

మొగులమ్మ టోపీని చూసి, అతన్ని చూసి, "ఇది యాడ నేర్సిన్రు సార్?" అంది.

"తన్నుమంటె తన్నే" అన్నాడు బీరన్న.